అబ్దిల్దా మెత్తగా చెప్పిన కబురు

మా బావ అబ్దిల్దాకు రెండు గొంతులుండేవి. ఒకటి మైకు గొంతు. అది లేచిందంటే వీధిలో కుక్కలు కూడా గోడ చాటుకు పోయేవి. రెండోది చావు కబురు చెప్పే గొంతు. అది ఎంత మెత్తగా ఉండేదంటే, వింటున్నవాడికి మొదట నిద్ర వచ్చేది, తర్వాత భయం వేసేది. ఈ రెండింటితోనే ఆయన మా ఉచ్-కాయిన్ ఊరిని ఇన్నేళ్లూ కనిపెట్టుకుని ఉన్నాడు. అక్క మొగుడు కాబట్టి ఆయన్ని ఏమన్నా అనే హక్కు నాకుంది. మా దగ్గర మరదలు బావను ఆటపట్టించడం మానేసిందంటే ఏదో మనసులో పెట్టుకుందని లెక్క. నేను మానేసిన రోజులు కూడా ఉన్నాయి, అవీ చెప్తాను.

సర్కారువారి సామూహిక వ్యవసాయ క్షేత్రం ఉన్న రోజుల్లో బావ అక్కడి రేడియో గదిలో పనిచేసేవాడు. క్షేత్రం పోయింది, జీతం పోయింది, గది పైకప్పు రేకులు కూడా ఎవరో ఊడబీక్కుపోయారు. బావ మాత్రం మైకును, లౌడ్‌స్పీకర్ బూరను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. “ఇది దొంగతనం కాదా బావా?” అని అడిగాను. “నేను తేకపోతే ఎవడో పాత ఇనుము కింద అమ్ముకునేవాడు. అది కదే దొంగతనం!” అన్నాడు. పెరట్లో స్తంభం పాతి, బూర బిగించి, కారు బ్యాటరీకి తగిలించాడు. ఇక ఆ రోజు నుంచి కొండమీద మంచు కరిగి బురద వరద వస్తుందన్నా, తోడేళ్లు మంద మీద పడ్డాయన్నా, గాలికుంటు వచ్చిన ఆవుల పాలు తాగొద్దన్నా, పిల్లలకు టీకాలన్నా, అన్నీ ఆ బూరలోంచే. ఎవరూ నియమించలేదు. ఎవరూ ఒక్క పైసా ఇవ్వలేదు.

బురద వరద వచ్చిన వసంతం నాకు బాగా గుర్తు. ఏరు నల్లగా మారి రాళ్లు దొర్లే చప్పుడు వినిపిస్తోంది. జనం మాత్రం పరుపులు మడతపెడుతున్నారు, గొర్రెల్ని లెక్కపెడుతున్నారు. బావ మైకందుకుని పేరుపేరునా తిట్టడం మొదలెట్టాడు.

“ఒసేయ్ సెయిల్‌కాన్! కోళ్ల వెనక పరిగెత్తుతున్నావా? నాకిక్కడికి కనిపిస్తూనే ఉంది. అవి ఎగురుతాయి, నువ్వు ఎగరలేవు. గట్టెక్కు! ఇమాం గారూ, చెప్పులు రేపు వెతుక్కుందురుగాని, ముందు నడవండి! గుల్‌సున్, నీ కొట్టులో ఉప్పు ఎటూ కరిగిపోయేదే, తాళం వేసి ఏం చేస్తావే?”

గుల్‌సున్ అంటే నేనే. ఆ ఏడాది కింది వీధి ఇళ్లు పోయాయిగానీ ఒక్క మనిషి పోలేదు. తర్వాత అందరూ ఆయన మీద కోప్పడ్డారు. బావేమో తాపీగా టీ తాగుతూ, “మర్యాదగా చెప్తే టీ తాగి వస్తారు. తిడితే నన్ను కొట్టడానికైనా బయటికొస్తారు” అన్నాడు.

చావు దగ్గర మాత్రం ఈ మనిషి వేరు. మా దగ్గర చావు కబురు ముఖాన చెప్పరు. దూరాన ఉన్న కొడుక్కో కూతురికో ఫోన్ చేసి, ‘మీ నాన్నకు కాస్త నలతగా ఉంది, ఒకసారి వచ్చి వెళ్లు’ అంటారు. దారి పొడుగునా అదే మాట. గేటు దగ్గరికి వచ్చాక, బంధువులు రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాక, అప్పుడు అసలు సంగతి. ఒంటరిగా దారిలో ఉన్న మనిషి నెత్తిన అంత బరువు వేయకూడదని పెద్దలు పెట్టిన పద్ధతి. మంచి పద్ధతే. మా అమ్మ పోయినప్పుడు నాకు కబురు పెట్టింది బావే. అలాగే చెప్పాడు. అందుకు ఆయన మీద నాకెప్పుడూ కోపం రాలేదు.

ఆ పనిలో ఆయన మరీ ఆరితేరాడు. అబద్ధం అతికినట్టు ఉండాలని చిన్న చిన్న పనులు కూడా పురమాయించేవాడు. “వచ్చేటప్పుడు మీ నాన్నకు దగ్గు మందు పట్టుకురా” అనేవాడు. డ్రైవర్ రిస్పెక్ అలాగే మందుల సంచీ, నారింజపళ్లూ కొనుక్కుని వచ్చి, గేటులో ఆ సంచీ కౌగిలించుకునే కూలబడిపోయాడు. పోనుపోను ఈ సంగతి ఊరందరికీ తెలిసిపోయింది. అబ్దిల్దా ఫోన్ చేసి మందులు తెమ్మన్నాడంటే మందుల షాపుకు కాదు, తెల్లగుడ్డ కోసం బట్టల షాపుకు వెళ్లాలని పెళ్లిళ్లలో నవ్వుకునేవాళ్లు. బావ కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు.

తర్వాత కరోనా వచ్చింది. జిల్లా ఆఫీసు నుంచి కాగితాలొచ్చాయి. గుమిగూడరాదు, కరచాలనం చేయరాదు, విందులు నిర్వహించరాదు. బావ ఆ కాగితాల్ని మైకులో ఉన్నవి ఉన్నట్టు చదివాడు. ఆ చదువు వింటే నాకే ఆవులింతలొచ్చాయి.

“ఏంటా చదువు బావా? తిట్టు! వరదకు తిట్టినట్టు తిట్టు.”

“వరదైతే కంటికి కనిపిస్తుందే మరదలా. గట్టెక్కమంటాను. దీనికి ఎవర్ని పరిగెత్తమనాలి? ఎటు పరిగెత్తమనాలి? నాకే తెలీదు.”

జూలైలో పై వీధి పెద్దాయన ఒకరు పోతే ఊరు ఊరంతా వెళ్లింది. ఒకే పళ్లెంలో చేతులు పెట్టి మాంసం తిన్నారు. రోజులు గడవకుండానే ఏ ఇంటి ముందు నుంచి నడిచినా దగ్గే. ఊరికి ఉన్న ఒకే ఒక నర్సు బూరుల్ ఇంటింటికీ తిరిగి తిరిగి తనూ మంచాన పడింది. పడేముందు ఆఖరున చూసింది సెయిల్‌కాన్‌నే.

సెయిల్‌కాన్ బావ పక్కింటావిడ. కోళ్ల వెనక పరిగెత్తిన మనిషే. మొగుడు పోయాడు, ఒక్కతే కూతురు జిపార్, రాజధాని బిష్కెక్‌లో కుట్టుపని చేసుకుంటోంది. చావు జరిగిన ఇళ్లలో పాట కట్టి ఏడవడంలో సెయిల్‌కాన్‌ను మించినవాళ్లు మా లోయలో లేరు. మాటల్లో మాత్రం మహా కొంటెది. బూరుల్ ఆమె వేలికి చిన్న మీటరు తగిలించి చూసి, నన్ను బయటికి పిలిచింది.

“అక్కా, ఈవిడకు ఆక్సిజన్ మెషీన్ పెడితే నిలబడుతుంది. పెట్టకపోతే కష్టం. జిల్లా ఆసుపత్రిలో మంచాల్లేవు, నడవాలో పడుకోబెడుతున్నారు, అక్కడికి తీసుకెళ్తే దారిలోనే పోతుంది. మెషీన్ని ఇక్కడికే తెప్పించు.”

జిపార్ బిష్కెక్ అంతా గాలించి ఒక మెషీన్ సంపాదించింది. ఆ రోజుల్లో అది దొరకడమే గొప్ప. తన గదిలో పెట్టుకుని, ఎల్లుండి వ్యాన్‌లో తెస్తానని కబురు పెట్టింది. సెయిల్‌కాన్‌ను బోర్లా పడుకోబెట్టి, వీపు నిమురుతూ, నేనూ అక్కా వంతులేసుకుని కూర్చున్నాం. తెల్లారేసరికి ఆమె పెదవులు నీలంగా మారాయి. మర్నాటి దాకా ఆగేలా లేదు, మెషీన్ ఇవాళే రావాలి.

మా ఊళ్లో ఫోన్ పలికేది శ్మశానం దిబ్బ మీదే. నేను వెళ్లి చేస్తానన్నాను. బావ ఒప్పుకోలేదు.

“నీ గొంతు వింటే ఆ పిల్లకు దారిలోనే గుండె ఆగిపోతుంది. నేను నిదానంగా చెప్తాను. కొండ దారి, కంగారుగా వస్తే ఎలా?”

ఆ ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నారో తర్వాత ఇద్దరూ విడివిడిగా చెప్పారు. ఒక్క మాట తేడా లేదు. పెద్ద మగవాళ్లను మేం అన్నా అన్నట్టు ‘ఆకే’ అంటాం.

“జిపార్, తల్లీ, బాగున్నావా? పిల్లలు బాగున్నారా? అక్కడ ఎండలెలా ఉన్నాయి?”

“బాగున్నాం అబ్దిల్దా ఆకే. ఏంటి, పొద్దున్నే...”

“ఏం లేదమ్మా. మీ అమ్మకు కాస్త నలతగా ఉంది. కంగారుపడే పనేం లేదు. రేపటిదాకా ఆగకుండా ఇవాళే ఒకసారి వచ్చి వెళ్తే బాగుంటుంది. ఆ మెషీన్ కూడా పట్టుకురా.”

“ఆకే... అమ్మ బతికే ఉందా?”

“ఉందమ్మా, ఉంది. ఎందుకుండదు? నువ్వు రా.”

బతికే ఉందన్న మాట అబద్ధం కాదు. బావ తన జన్మలో ఆ గొంతుతో నిజం చెప్పింది ఆ ఒక్కసారే. తండ్రి పోయిన ప్రతి కొడుక్కీ, తల్లి పోయిన ప్రతి కూతురికీ ఇవే మాటలు, ఇదే వరసలో చెప్పాడు. ‘బతికే ఉందా’ అని అడిగితే ‘ఎందుకుండదు’ అనేదీ మామూలే. ఏదో ఒకటి పట్టుకురమ్మనేదీ మామూలే. జిపార్ పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే, ఆమెకు తెలియనిదేముంది? ఇంకో మాట అడగలేదు. అడిగి పెద్దాయన నోట ఆ మాట పలికించకూడదు, మర్యాద కాదు. ఫోన్ పెట్టేసింది.

బావ దిబ్బ దిగి వచ్చాడు. “చెప్పాను. ఏమాత్రం బెదరగొట్టకుండా చెప్పాను” అన్నాడు.

“మెషీన్ మాట?”

“చెప్పానంటున్నాగా!”

పగలంతా ఎదురుచూశాం. సెయిల్‌కాన్ ఒక్కో ఊపిరీ లాక్కుని లాక్కుని తీసుకుంటోంది. నడుమ కాస్త తేరుకున్నప్పుడు, “పిల్ల బయల్దేరిందా?” అని అడిగింది. బయల్దేరింది, దారిలో ఉంది అన్నాను. తల ఊపింది. ఆ మెషీన్ వస్తుందన్న ఆశతోనే ఆమె ఆ పగలంతా ఊపిరి తీసింది. నేను పక్కన కూర్చుని కళ్లారా చూశాను.

ఎండ వాలుతుండగా వంతెన అవతల ఏడుపు వినిపించింది. చావింటికి వచ్చే మగవాళ్లు వీధి మొదట్లోనే గొంతెత్తి ఏడుపు అందుకుంటారు. ‘అయ్యో నా తల్లీ, నిన్ను మళ్లీ చూడలేనా’ అంటూ అది దగ్గరికి వస్తోంది. సెయిల్‌కాన్ కళ్లు తెరిచింది.

“ఎవరు... పోయారే, గుల్‌సున్?”

నేను కిటికీలోంచి చూశాను. రెండు వ్యాన్లు మా వైపే తిరిగాయి. ఒకదాని పైన చాపలా చుట్టిన ఉన్ని గుడారం, దాని కర్రలు. మా దగ్గర శవాన్ని అందులోనే ఉంచుతారు. వెనక లారీలో ఒక గుర్రం. చావు విందుకు కోసే గుర్రం.

వ్యాన్లు సెయిల్‌కాన్ గేటు ముందే ఆగాయి. నల్లగుడ్డ తలకు చుట్టుకుని జిపార్ దిగింది. వెంట వచ్చిన బంధువుల్లో ఇద్దరు ఆడవాళ్లు చెరో చెయ్యీ పట్టుకున్నారు. గుమ్మం వైపు తిరిగి, తల్లి నేర్పిన వరసలోనే గొంతెత్తింది. “పాలు పొంగిన పొయ్యి ఆరిపోయిందా అమ్మా, పిలిస్తే పలికే గుమ్మం మూగబోయిందా అమ్మా...” పల్చని గోడ ఇవతల సెయిల్‌కాన్ అదంతా వింటోంది. నేను ఆమె చెవులు మూయబోయాను. నా చెయ్యి పక్కకు నెట్టేసింది.

పెరట్లో బావ ఎవరినీ చూడలేదు. పరుగున వెళ్లి వ్యాన్ వెనక తలుపు తెరిచాడు. పిండి మూటలున్నాయి, టీ పొట్లాలున్నాయి, తెల్లగుడ్డ తాను ఉంది. రెండో వ్యాన్ తలుపూ తీశాడు.

“మెషీన్ ఏదీ? జిపార్, తల్లీ, మెషీన్ ఎక్కడ పెట్టావ్?”

జిపార్ ఏడుపు ఆపి ఆయన్ని వింతగా చూసింది. “ఇంకా మెషీన్ ఎందుకు ఆకే? నాతో పనిచేసే అమ్మాయి వాళ్ల నాన్నకు ఊపిరాడ్డం లేదంటే ఇచ్చేశాను. మనకిక అవసరం...”

అప్పుడే లోపల సెయిల్‌కాన్ దగ్గింది.

ఏడుస్తున్న మగవాళ్లు నోళ్లు తెరిచినవాళ్లు తెరిచినట్టే నిలబడ్డారు. జిపార్ చేతులు విడిపించుకుని లోపలికి పరిగెత్తింది. తల్లి పక్కన మోకాళ్ల మీద పడి ముఖం ముఖానికి ఆనించింది. సెయిల్‌కాన్ చాలాసేపు ఊపిరి కూడగట్టుకుని, “నేనింకా చావందే... ఏడుపంతా అయిపోగొట్టకే పిచ్చిదానా” అంది. నవ్వబోయింది కూడా. ఆ నవ్వు చూసి నేను బయటికి వచ్చేశాను, చూడలేకపోయాను.

జిపార్ దిబ్బ మీదికి పరిగెత్తింది, వెనకే నేను. ఆ అమ్మాయికి ఫోన్ కలిపింది. అవతలి గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది. “జిపార్, నీ మేలు ఈ జన్మలో మర్చిపోను! నాన్న కళ్లు తెరిచారు, కాసిన్ని నీళ్లు తాగారు. మీ అమ్మ ఆత్మకు శాంతి కలగాలని మేమంతా ఇక్కడ ప్రార్థన చేశాం.” జిపార్ నోరు తెరిచింది. ఆ మెషీన్ తీసేయమని ఎలా అడుగుతుంది? మీ నాన్న ముక్కుకున్న గొట్టం ఊడదీసి మా అమ్మకు పంపమని ఏ నోటితో అంటుంది? “మీ నాన్నను జాగ్రత్తగా చూసుకో” అని ఫోన్ కట్టేసింది. అక్కడే గోరీల మధ్య మట్టిలో కూర్చుండిపోయింది.

ఇంకో మెషీన్ ఎక్కడన్నా దొరుకుతుందేమోనని సెయిల్‌కాన్ మేనల్లుడు వచ్చిన దారినే వెనక్కి వెళ్లాడు. మిగతావాళ్లు మాత్రం కదల్లేదు. వెళ్లిపోండి, ఇది అంటుకునే జబ్బు అని బావ బతిమాలాడు. “ఇంత దూరం వచ్చాం. ఇప్పుడు వెళ్లి, రేపు మళ్లీ రావాలా?” అన్నాడు వాళ్ల పెద్ద. ఆ మాట అన్నందుకు వాణ్ణి గేటుకేసి కొట్టాలనిపించింది. గుర్రాన్ని పెరట్లోనే కట్టేశారు. వాళ్లంతా చుట్టూ కూర్చుని టీ తాగుతూ, లోపలి దగ్గు ఆగిందా లేదా అని చెవులు రిక్కించి వింటున్నారు.

మర్నాడు పొద్దెక్కాక సెయిల్‌కాన్ పోయింది. మేనల్లుడు రెండో మెషీన్‌తో వంతెన దాటేసరికి పెరట్లో గుడారం నిలబెట్టేశారు. దాన్ని చూసి అతను బండి ఆపేసి చాలాసేపు దిగలేదు.

ఆ మధ్యాహ్నం మైకు మోగింది. నేను ఎన్నడూ వినని గొంతు అది.

“సెయిల్‌కాన్ చచ్చిపోయింది. నలత కాదు, చచ్చిపోయింది. ఊపిరాడక, కరోనాతో చచ్చిపోయింది. ఎవరూ రావద్దు. నలుగురం వెళ్లి పూడ్చిపెడతాం. ఏడ్చేవాళ్లు ఎవరింట్లో వాళ్లు ఏడవండి. బూరుల్ బతికే ఉంది. మళ్లీ చెప్తున్నా, బతికే ఉంది, ఆమెకు జ్వరం మాత్రలు కావాలి.”

ఊరు మండిపడింది. పోయిన మనిషి గురించి ఆ మాటను బూరలో అరుస్తారా ఎవరన్నా? ఇమాం గారు చేతికర్ర ఊపుకుంటూ వచ్చారు. “అబ్దిల్దా, దేవుడిచ్చిన నోరేనా అది?” అన్నారు. బావ మైకు దించకుండానే, “అవును ఇమాం గారూ. కాస్త ఆలస్యంగా ఇచ్చాడు” అన్నాడు. కోపం చల్లారాక ఇమాం గారు కూడా ఆ సాయంత్రం ఇంట్లోంచి కదల్లేదు.

ఆ పెరట్లో టీ తాగినవాళ్లలో సగం మంది జబ్బుపడ్డారు. గేటుకేసి కొట్టాలనుకున్నానే, ఆ పెద్దాయన పోయాడు. నాకేం సంతోషం కలగలేదు. బావ ఇక ఫోన్ చేసే పద్ధతే మార్చేశాడు. దూరపువాళ్లకు కబురు పెట్టాల్సి వస్తే రోగిని ట్రాక్టర్‌లో దిబ్బ మీదికి తీసుకెళ్లి, ఫోన్ ఆ మనిషి నోటి దగ్గర పెట్టేవాడు. మాట రాకపోతే దగ్గైనా వినిపించేవాడు. “విన్నావా? అది మీ అన్న దగ్గు. బతికే ఉన్నాడు. ఇంజెక్షన్లు తీసుకురా, గుడ్డ కాదు” అనేవాడు. అలా డ్రైవర్ రిస్పెక్ నిలబడ్డాడు, ఇంకొందరు నిలబడ్డారు. వాళ్లెవరూ ఆయనకు కృతజ్ఞత చెప్పలేదు. చావు కబుర్లకు మాత్రం ఊరు వేరేవాణ్ణి చూసుకుంది. పెళ్లిళ్లలో పక్కన కూర్చునేవాళ్లు తగ్గారు. నేను కూడా చాలా నెలలు ఆయనతో పరాచికాలాడలేదు. కోపమే. జిపార్ గోరీల మధ్య కూర్చున్న తీరు కళ్ల ముందునుంచి పోలేదు.

ఏడాది తిరిగింది. సెయిల్‌కాన్ సంవత్సరీకానికి జిపార్ వచ్చి విందు పెట్టింది. బావను తనే వచ్చి పిలిచింది. దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచిన పొట్టి బల్ల చుట్టూ పెద్దలంతా కూర్చున్నారు. రొట్టె తుంచారు, దువా చదివారు. జిపార్ టీ పోస్తూ పోస్తూ బావ ముందు ఆగింది.

“ఆకే, ఒకటి అడుగుతాను. ఆ రోజు నేను మెషీన్ తెచ్చుంటే, అమ్మ బతికేదా?”

అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. ఆమెకు అంతే రాసిపెట్టి ఉందన్నారు. ఆయుష్షు తీరాక మెషీన్లేం చేస్తాయన్నారు. నువ్వు మనసు కష్టపెట్టుకోకన్నారు. నేను దస్తర్‌ఖాన్ కింద బావ మోకాలు పొడిచాను, మెత్తగా చెప్పు అని. ఆ పిల్ల మిగతా బతుకంతా ఆ జవాబుతోనే బతకాలి కదా.

బావ గిన్నె కింద పెట్టాడు.

“బతికేదమ్మా. బూరుల్‌ను అడిగాను, ఆమె కూడా అదే చెప్పింది. మర్నాడు పొద్దెక్కేదాకా ఊపిరి ఉంది. మెషీన్ వచ్చుంటే బతికేది. తప్పు నీది కాదు. ఆ మాట చెప్పిన తీరు నాది.”

జిపార్ ఏడవలేదు, కేకలూ వేయలేదు. టీ కెటిల్ చేత్తో పట్టుకునే నిలబడి, ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది.

“ఇంత స్పష్టంగా చెప్పడం వచ్చా ఆకే, నీకు? మరి ఆ రోజు నాకెందుకు చెప్పలేదు?”

జిపార్ పక్కవాళ్లకు టీ పోస్తూ ముందుకు వెళ్లిపోయింది.